టెక్ సందేహాలు: షాఫ్ట్‌ను పట్టేసిన స్టీరింగ్ వీల్

ప్రశ్న: మా పాత అంబాసిడర్ స్టీరింగ్ వీల్ పగిలింది. మార్చుదామని మధ్యలో నట్ తీసేశాను, వీల్ మాత్రం కదలట్లేదు. సుత్తితో కొట్టొచ్చా?

జవాబు: వద్దు. ముందు ఆ నట్‌ను మళ్లీ ఎక్కించండి. బిగించకుండా, పై అంచు షాఫ్ట్ (వీల్ మధ్యలోకి వచ్చే ఇనుప కడ్డీ) కొనతో సమంగా ఉంటే చాలు. పట్టు ఒక్కసారిగా వదిలినప్పుడు వీల్ మీ ముఖానికి తగలకుండా ఆపేది అదే.

షాఫ్ట్ చివరి పళ్లు హబ్ (వీల్ నడిమి భాగం) లోపలి పళ్లలో కూర్చుని ఉంటాయి. తుప్పుకు ఇనుముకన్నా ఎక్కువ చోటు కావాలి కాబట్టి, ఏళ్ల తేమకు ఆ సందులు మేకు దిగినట్టు బిగుసుకుంటాయి. షాఫ్ట్ కొన మీద కొడితే మర చితికిపోతుంది. పైగా అంబాసిడర్‌ది ర్యాక్ అండ్ పీనియన్ స్టీరింగ్ (పీనియన్ అనే చిన్న పళ్ల చక్రం తిరిగి, ర్యాక్ అనే పళ్ల కడ్డీని పక్కకు జరుపుతుంది), దెబ్బ నేరుగా పీనియన్ బేరింగ్‌ల మీదికి దిగుతుంది. వెనక నుంచి రిమ్‌ను కొడితే స్పోకులు వంగుతాయి.

బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే కేబుల్ తీసేయండి. చక్రాలు సూటిగా పెట్టి, షాఫ్ట్ కొన మీద, హబ్ మీద ఒకే వరసలో సెంటర్ పంచ్‌తో (గుర్తు పెట్టే మొనదేలిన ఉక్కు పుల్ల) చుక్క పెట్టండి. తుప్పు వదిలించే పెనిట్రేటింగ్ ఆయిల్ నాలుగైదు చుక్కలు పళ్ల సందులో వేసి రాత్రంతా వదిలేయండి. ఇలా రెండు మూడు రోజులు. తర్వాత సీట్లో కూర్చుని రిమ్‌ను రెండు చేతులతో పట్టుకుని, ఒకసారి కుడి పక్క, ఒకసారి ఎడమ పక్క మీవైపు లాగండి. చాలాసార్లు ఇంతటితోనే వస్తుంది.

రాకపోతే పుల్లర్, అంటే కాళ్లతో హబ్‌ను పట్టి, మధ్య బోల్టుతో షాఫ్ట్ కొనను నెడుతూ వీల్‌ను బయటికి లాగే పనిముట్టు. దాని కాళ్లు హబ్ కిందే పట్టాలి, స్పోకులకు తగిలించకండి. షాఫ్ట్ గొట్టంలా ఉండి మధ్యలో హారన్ వైరు ఉంటే, వైరు తప్పించి, గొట్టం నోటికి ఇనుప బిళ్ల వేసి బోల్టు ఆనించండి. పుల్లర్ బలం హబ్‌కీ షాఫ్ట్‌కీ మధ్యే ఉంటుంది, ర్యాక్ మీద పడదు. బాగా బిగించి పావుగంట ఆగి, హబ్ పక్క అంచున రాగి సుత్తితో చుట్టూ తట్టండి. మరో పావు చుట్టు బిగించి మళ్లీ తట్టండి.

అప్పటికీ మొండికేస్తే వేడి. ఆయిల్ పూర్తిగా తుడిచాకే హీట్ గన్ పట్టండి, ఆవిరి అంటుకుంటుంది. హబ్‌నే కాల్చండి, షాఫ్ట్‌ను కాదు.

బిగించేటప్పుడు పళ్లను వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి పలచగా గ్రీజు రాయండి. నట్ బిగించాక కూడా కొత్త హబ్ షాఫ్ట్ పళ్ల మీద కొంచెమైనా కదులుతుంటే ఆ బండిని రోడ్డెక్కించకండి. పళ్లు అరిగాయని అర్థం, షాఫ్ట్ కూడా మార్చాల్సిందే.