మొక్కల కంటే ముందు మేత లెక్క

చిరంజీవికి ఆశీస్సులు.

బోడిగా మారిన అడవిని మళ్లీ లేపాలని, అది చిన్న రైతులకు ఆసరా కావాలని రాసిన నీ ఉత్తరం అందింది. ఎన్ని వేల మొక్కలు తెప్పించాలని అడిగావు. ఆ లెక్క తర్వాత చూద్దాం. ముందు ఆ నేలను ఇప్పుడు ఎవరెవరు, ఏ నెలల్లో, దేనికి వాడుకుంటున్నారో తెలుసుకో. ఎకరం, రెండెకరాల రైతుకు అడవి అంటే ఎప్పుడో చేతికొచ్చే కలప కాదు, ఈ వేసవికి పశువుల మేత, పొయ్యిలోకి పుల్లలు. వాటికి దారి చూపకుండా కంచె వేస్తే దానిని తెంచేది ఆ రైతులే, అందుకు నేను వారిని తప్పుపట్టను. నా తొలి ప్రయత్నంలో మేకల కాపరులను సమావేశానికి పిలవడం మరిచాను; రెండో వేసవికి మొక్కలూ మిగలలేదు, మా మధ్య మాటలూ మిగలలేదు.

అందువల్ల నేలనంతా ఒకేసారి మూయవద్దు. కొంత భాగాన్ని మూసి, మిగిలినది మేతకు వదిలిపెట్టు. మూసిన భాగంలో వానలకు లేచిన గడ్డిని, పశువులను తోలకుండా, చేత్తో కోసుకుపోనిస్తే మొలకలూ దక్కుతాయి, రైతుకు మొదటి ఏడాదే కొంత ఫలితమూ కనబడుతుంది. టాంజానియాలోని షిన్యాంగా ప్రాంతపు సుకుమా ప్రజలకు ఎండాకాలపు మేత కోసం కొంత నేలను మూసి ఉంచే ‘న్గితిలి’ అనే పాత పద్ధతి ఉండేది. 1986లో మొదలైన పునరుద్ధరణ కార్యక్రమం కొత్తదేదో నేర్పబోకుండా ఆ పద్ధతినే ఆధారం చేసుకుంది, లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి లేచాయి.

ఇక మొక్కల సంగతి. నరికిన చెట్ల మోళ్లు చచ్చినట్టు కనిపించినా చాలాచోట్ల వేళ్లు బతికే ఉంటాయి. వాటి పిలకల్లో బలమైన రెండు మూడింటిని ఉంచి, మిగిలినవి కోసి, ఉంచిన వాటి కింది కొమ్మలు తీసివేస్తే, పాత వేళ్ల బలంతో అవి నర్సరీ మొక్క కంటే వేగంగా పెరుగుతాయి. కోసిన పుల్లలు వంటచెరకుగా ఇంటికి చేరతాయి. పశ్చిమ ఆఫ్రికా దేశమైన నైజర్‌లో 1980ల్లో ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు టోనీ రినాడో రైతులతో కలిసి ప్రచారం చేసిన పని ఇదే, అక్కడ సుమారు 50 లక్షల హెక్టార్ల పొలాల్లో చెట్లు తిరిగొచ్చాయి. అక్కడి రైతులు ఇష్టంగా ఉంచుకునే ఫైధర్బియా చెట్టు వానాకాలంలో ఆకు రాలుస్తుంది కాబట్టి పైరుకు నీడ సమస్య ఉండదు, దాని కాయలు ఎండాకాలంలో పశువులకు మేత. మోళ్లు, విత్తనాలు రెండూ లేని చోటనే నాటు; నాటినా స్థానిక జాతులనే ఎంచుకో.

హక్కుల విషయంలో మాత్రం మొహమాటపడవద్దు. ఎవరికి ఎంత గడ్డి, ఎవరు ఎప్పుడు పుల్లలు ఏరుకోవచ్చు, అమ్మిన సొమ్ము ఎక్కడికి పోతుంది, ఇవన్నీ మొదటి గుంత తవ్వకముందే కాగితం మీదకు రావాలి. నేపాల్ 1993 అటవీ చట్టంతో అడవుల నిర్వహణను, వాటి రాబడిని వినియోగదారుల సంఘాలకు అప్పగించింది. అడవులు పెరిగాయి, అయితే పెత్తనం కలవారి చేతుల్లో ఉన్న సంఘాల్లో పేదలకే వంటచెరకు కరువైంది. కాబట్టి భూమిలేనివారికీ, పుల్లలు మోసే ఆడవారికీ సంఘంలో చోటిస్తే చాలదు, వారు ఒప్పుకోనిదే మూసివేత తీర్మానం చెల్లదని రాయించు. జరిమానా మొదటిసారికి నామమాత్రంగానే ఉండాలి, కట్టలేనంత ఉంటే ఎవరూ వసూలు చేయరు.

వానలకు ముందే ఆ నేలంతా కాపరులతో కలిసి నడిచి, పిలకలున్న మోళ్లను లెక్కపెట్టి నాకు రాయి. మొక్కల సంఖ్య అప్పుడు చెబుతాను.