తిమింగలమా, తిమింగిలమా? ఓడను ముంచిందా, ముంచిందట అనాలా?

సందేహం: తీరానికి పెద్ద జలచరం ఏది కొట్టుకొచ్చినా 'తిమింగలం' అని రాసేస్తున్నారు. మా వాడ పెద్దలు దాన్నే చూసి 'సొర' అంటారు. ఏది సరైన మాట? అసలు తిమింగలమా, తిమింగిలమా? పాత ఓడల కథల్లోని భారీ సర్పాన్ని 'సముద్రపు పాము' అనవచ్చునా? 'బంగాళాఖాతంలో ఆక్టోపస్ ఓడను ముంచింది' అని ఒకచోట చదివాను. ఆ వాక్యం సరైనదేనా?
— ఒక పాఠకుడు, బారువ, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: రూపం సంగతి ముందు చూద్దాం. సంస్కృతంలో ఇది తిమింగిలం. 'తిమి' ఒక పెద్ద చేప. 'గిల' అంటే మింగేది. నడుమ మకారం ఆగమంగా, అంటే అదనంగా వచ్చి చేరుతుంది. దీనికోసం పాణినీయ వ్యాకరణంలో ఒక వార్తికమే (సూత్రానికి చేర్చిన అనుబంధ నియమం) ఉంది. తిమింగిలాన్ని కూడా మింగేది తిమింగిలగిలం. మాటలో 'మింగ' వినబడుతుంది కాబట్టి మన 'మింగు' ధాతువే అందులో ఉందని కొందరు చెబుతారు. అర్థం కుదిరినా అది కాకతాళీయమే. తెలుగువాళ్ల నోట మధ్య ఇకారం జారి తిమింగలం అయింది. వాడుక భాషకోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన జిల్లాలో ఉండి దాన్ని తప్పు అనలేను. రెండూ సరైన రూపాలే. ఒక రచనలో ఒకే రూపం ఉంటే చాలు.

ఇక సొర. మీ పెద్దలు ఒడ్డున నిలబడి చూసి చెప్పిన మాటకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. తోక చూడండి. తిమింగలం తోక అడ్డంగా పరుచుకుని ఉంటుంది, పైకీ కిందికీ ఆడుతుంది. సొర తోక నిలువుగా ఉండి పక్కలకు ఆడుతుంది. తిమింగలం ఊపిరితిత్తులతో గాలి పీల్చి, పిల్లకు పాలిస్తుంది. సొరకు మొప్పలుంటాయి. ఒంటినిండా తెల్లని చుక్కలుండే 'వేల్ షార్క్' చేపలన్నిటిలోకీ పెద్దది, 18 మీటర్ల దాకా పెరుగుతుంది. తినేది మాత్రం నీటిలో తేలే సూక్ష్మజీవులను, చిన్న చేపలను. ఆ పేరులో మొదటి సగం పట్టుకుని తిమింగలం అనేస్తున్నారు. 'తిమింగల సొర' అనాలి. తిమింగలం వంటి సొర అని విగ్రహవాక్యం, ఉత్తరపదమే, అంటే రెండో మాటే ప్రధానం. అమరకోశం తిమింగిలాన్ని చేపల వరసలోనే చెప్పింది కదా అంటారేమో. ఆ వరస ప్రాణిశాస్త్రం కోసం కూర్చింది కాదు.

ఇది పండితుల పట్టుదల మాత్రమే కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి ఈ సొరను 2001లో చేర్చారు. వలలో పడినదాన్ని వదిలిపెట్టాలని జాలరికి తెలియాలంటే, ఆయన ఎరిగిన పేరుతోనే చెప్పాలి.

'సముద్రపు పాము' అన్న పేరును కథల సర్పానికి ఇవ్వకండి. ఆ పేరు గలవి మన బంగాళాఖాతంలో నిజంగానే ఉన్నాయి. చదునైన తోకతో, విషంతో ఉండి వలల్లో పడుతుంటాయి. కథలోదాన్ని 'సాగర సర్పం' అనండి. అదైనా చూసినవాళ్లు పెట్టిన పేరేనని గుర్తుంచుకోవాలి. 1848లో దక్షిణ అట్లాంటిక్‌లో డెడాలస్ అనే బ్రిటిష్ యుద్ధనౌక అధికారులు సుమారు 60 అడుగుల సర్పాన్ని చూశామన్నారు. నీటి పైభాగాన మేత మేస్తున్న ఒక జాతి తిమింగలమే వాళ్లకు అలా కనిపించి ఉంటుందని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

మీ చివరి ప్రశ్న నాకు అన్నిటికన్నా నచ్చింది. ఆ వాక్యంలో రెండు దోషాలున్నాయి. 1874లో పత్రికల్లో వచ్చిన ఆ కథనం 150 టన్నుల 'పెర్ల్' అనే తెరచాప ఓడ గురించినది. అందులో ఓడను ముంచినది భారీ స్క్విడ్, ఆక్టోపస్ కాదు. ఆక్టోపస్‌కు ఎనిమిది చేతులే. స్క్విడ్‌కు వాటితో పాటు మరో రెండు పొడవైన స్పర్శకాలుంటాయి.

రెండో దోషం క్రియలో ఉంది. భారీ స్క్విడ్ ఉన్నమాట నిజం. 1857లోనే డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు స్టీన్‌స్ట్రప్ దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. లోతు సముద్రంలో ప్రాణంతో ఉన్నదాన్ని జపాన్ శాస్త్రజ్ఞులు ఫొటో తీసింది మాత్రం 2004లో. అయితే 12, 13 మీటర్ల జీవి అంత ఓడను ముంచిందనడానికి ఆ కథనం చాలదు. అలాంటప్పుడు తెలుగులో '-ట' పెట్టాలి. చూసి చెప్పేదానికీ విని చెప్పేదానికీ తేడాను ఒక్క అక్షరంలో చూపగల భాష మనది. సిక్కోలు పలుకులో 'ఓడ ములిగిపోనాదట' అంటే, చెప్పేవాడు అక్కడ లేడని చిన్న గుంటడికి కూడా తెలుస్తుంది. వార్తారచనలో ఆ 'ట'ను తీసేస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

అలాగని అన్నిచోట్లా అది అక్కర్లేదు. 1820 నవంబరు 20న పసిఫిక్‌లో ఎసెక్స్ అనే తిమింగలాల వేట ఓడను ఒక తిమింగలం రెండుసార్లు గుద్ది ముంచింది. ఓడ మీదే ఉండి బతికి బయటపడిన ఓవెన్ చేజ్ స్వయంగా రాసిపెట్టాడు. అక్కడ 'ముంచింది' అనే రాయండి. మీరు చదివిన వాక్యాన్ని మాత్రం ఇలా దిద్దుకోండి: 'బంగాళాఖాతంలో భారీ స్క్విడ్ ఒక ఓడను ముంచిందట.'