ఎటు తిరిగి ఉన్నావో ముందు రాసుకో

అమ్మాయీ,

నీ ప్రాజెక్టు కాగితాలు చదివాను. ఇద్దరు మనుషులు ఒంటిమీద బ్లూటూత్ పరికరాలు కట్టుకుని ఊళ్లో తిరుగుతుంటే వాటి మధ్య సిగ్నల్ ఎలా మారుతుందో కొలుస్తానన్నావు. సంతోషం. కానీ నీ పట్టికలో దూరానికి గడి ఉంది, ఎవరు ఎటు తిరిగి ఉన్నారో రాయడానికి గడి లేదు. ముందు అది కలుపు.

బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగానికి మన ఒళ్లు నీళ్ల తిత్తి లాంటిది, చాలా మట్టుకు మింగేస్తుంది. ఛాతీ మీద పరికరమున్న మనిషి వెనక్కి తిరిగితే ఆరుబయట 20 డెసిబెల్స్ పోవడం మామూలే. అందే శక్తి నూరో వంతుకు పడిపోయిందన్నమాట. అడ్డేమీ లేని చోట అంత తగ్గాలంటే దూరం పదింతలు కావాలి. రెండు మీటర్లలో నిలబడి వీపు చూపిస్తే, ఇరవై మీటర్ల దూరానికి వెళ్లినట్టే లెక్క!

నేను తొలిసారి కొలిచినప్పుడు గ్రాఫులో రెండు నిమిషాల పాటు పెద్ద గుంట కనిపించింది. యాంటెన్నా పాడైందని పూటంతా విప్పి చూశాను. తీరా అది నేను టీ బండివైపు తిరిగి చిల్లర లెక్కపెట్టుకుంటున్న సమయం.

చోట్లు కూడా చూసి ఎంచుకో. సుల్తాన్ బజార్ సందుల్లో గోడలు, షట్టర్లు, ఆటోలు తరంగాన్ని తిప్పికొడతాయి. వీపు అడ్డొచ్చినా సిగ్నల్ పక్కదారిన వచ్చి చేరుతుంది. ఖాళీ మైదానంలో ఆ సాయం ఉండదు. ఇంట్లో చక్కగా పలికే ఇయర్‌బడ్స్ అక్కడ తడబడేది అందుకే. అలాగని సందు మంచిదనుకోకు. తరంగదైర్ఘ్యం సుమారు 12.5 సెంటీమీటర్లు కాబట్టి, నలుదిక్కుల నుంచి వచ్చే తరంగాలు కలిసే చోట చెయ్యి నాలుగు వేళ్ల మందం కదిలినా లెక్క తారుమారు కావచ్చు. మణికట్టుకు కట్టిన పరికరం కొలతలకు సగటు ఒక్కటే వేసి ఊరుకోకు, అట్టడుగుకు పడిన విలువలూ దాచు. లింకు తెగేది అక్కడే.

ఇక చిన్నవి. ప్రసార శక్తిని ఒకే విలువ దగ్గర ఉంచు, పరికరం తనంతట తాను పెంచుకుంటే నీ కొలతలన్నీ వృథా. పరికరానికీ చర్మానికీ మధ్య గుడ్డ పెడితే రోజూ అదే గుడ్డ, అన్నే మడతలు. జేబులో తాళాలు, చేతిలో స్టీలు సీసా వద్దు.

ఆదివారం పాత పుస్తకాలకు ఎలాగూ ఆబిడ్స్ వస్తాను. రెండో పరికరం నేను కట్టుకుంటాను. టీ తాగేటప్పుడు మాత్రం ఎటు తిరిగానో నువ్వే రాసుకో.

మామయ్య