ఇంకాల రాజ్యం ఎంతవరకు విస్తరించింది?

దక్షిణ అమెరికాలోని ఇంకాల రాజ్యమంటే నేటి పెరూ దేశమేనా అని అడిగారు. పెరూ అందులో ఒక భాగం మాత్రమే. 1532లో స్పెయిన్ సైనికులు అడుగుపెట్టే నాటికి ఆ రాజ్యం ఉత్తరాన కొలంబియా దక్షిణపు అంచు మొదలుకొని ఈక్వడార్, పెరూ, బొలీవియాల మీదుగా అర్జెంటీనా వాయవ్య ప్రాంతం, మధ్య చిలీ దాకా, ఆండీస్ పర్వతాలను అంటిపెట్టుకుని దాదాపు 4,000 కిలోమీటర్ల పొడవున సాగింది. దక్షిణ సరిహద్దును సాధారణంగా చిలీలోని మౌలే నది దగ్గర చూపుతారు. అటువైపు మపూచే ప్రజలు లొంగలేదు. పొడవుతో పోలిస్తే వెడల్పు చాలా తక్కువ. పడమట సముద్రం, తూర్పున అమెజాన్ అడవి. ఆ అడవి అంచుల్లో కోకా (ఆకులు నమిలే మొక్క) తోటలు పెంచారు గానీ లోపల నిలదొక్కుకోలేకపోయారు.

అయితే పటం చూస్తే తెలియనిది ఎత్తు. రాజధాని కుస్కో సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. నేను అక్కడి నుంచి టిటికాకా సరస్సు ఒడ్డునున్న పూనోకు బస్సులో వెళ్లినప్పుడు, 4,300 మీటర్లకు పైనున్న లా రాయా కనుమ దగ్గరపడేకొద్దీ మొక్కజొన్న చేలు కనుమరుగై, ఆ పైన గడ్డి నేలలూ ఉన్నినిచ్చే అల్పాకా జంతువుల మందలూ మాత్రమే మిగిలాయి. మాచు పిచ్చు కుస్కో కన్నా దాదాపు వెయ్యి మీటర్లు దిగువన ఉంటుందని చెబితే చాలామంది నమ్మరు, కానీ అక్కడికి చేరాక నాకు ఊపిరి తేలికగా ఆడింది. ఆండీస్ ప్రజలు లోయల్లో మొక్కజొన్న, పై వాలుల్లో బంగాళాదుంప, ఆ పైన లామాలు (ఒంటె కుటుంబానికి చెందిన జంతువులు), వెచ్చని దిగువ నేలల్లో కోకా అంటూ వేర్వేరు ఎత్తుల్లో భూములు ఉంచుకునేవారు. ఇంకాల పాలకులు ఈ పాత పద్ధతినే రాజ్యమంతటికీ వర్తింపజేసి, దారుల వెంట ధాన్యపు కొట్లు కట్టించారు. చక్రాల బండ్లు లేని ఆ రాజ్యంలో సరుకు మనుషుల వీపుల మీదా లామాల మీదా నడిచింది; అది నడిచిన దారుల పొడవు సుమారు 30,000 కిలోమీటర్లు. ఆరు దేశాల్లో మిగిలిన వాటి భాగాలను యునెస్కో 2014లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వారు తమ రాజ్యాన్ని తవాంతిన్‌సుయు అని పిలుచుకుని, కుస్కో కేంద్రంగా నాలుగు భాగాలు చేశారు: వాయవ్యాన చిన్‌చాయ్‌సుయు, ఈశాన్యాన అంటిసుయు, నైరుతిన కుంటిసుయు, ఆగ్నేయాన కొల్లాసుయు. విస్తీర్ణంలో కొల్లాసుయు అన్నిటికన్నా పెద్దది, టిటికాకా దానిలోనిదే. ఇంత విస్తరణా 1438 ప్రాంతంలో గద్దెనెక్కిన పచాకుటితో ఊపందుకుని, వందేళ్లలోపే పూర్తయింది.

చూడటానికి వెళ్లే ఆలోచన ఉంటే, పెరూతో ఆగకుండా వీలైతే ఇంకాల శిథిలాలున్న ఈక్వడార్‌లోని ఇంగాపిర్కాను, బొలీవియా తూర్పు వాలుల్లోని సమైపాటాను కూడా చేర్చుకోండి.