స్ప్లిట్‌లో (క్రొయేషియా) రోమన్ కోటకు టికెట్ ఎక్కడ? – సమాధానం

ఫెర్రీకి ముందు నాలుగు గంటలే ఉన్నాయి, డయొక్లీషియన్ కోట టికెట్ ఎక్కడా దొరకట్లేదని రాశారు. టెన్షన్ పడకండి. కోటలోకి వెళ్లడానికి టికెట్టే లేదండీ, ఆ పాతబస్తీయే కోట! సుమారు 305లో ఈ రోమన్ చక్రవర్తి కట్టించుకున్న గోడల మధ్య జనం ఇప్పటికీ కాపురాలు ఉంటున్నారు.

సముద్రం వైపున్న కంచు ద్వారం గుండా వెళ్తే నేలమాళిగలు వస్తాయి. మధ్య దారి ఉచితం, పక్క గదులకే టికెట్. మెట్లెక్కితే స్తంభాల చావడి. అక్కడ ఈజిప్టు నుంచి తెచ్చిన నల్లరాతి స్ఫింక్స్ (సింహం ఒళ్లు, మనిషి తల ఉన్న విగ్రహం) దగ్గర తప్పకుండా ఆగండి. కోటకన్నా వెయ్యేళ్లకు పైగా పాతది! పక్కనున్న చర్చి ఒకప్పుడు డయొక్లీషియన్ సమాధి. క్రైస్తవులను హింసించినవాడి సమాధే చర్చి అయింది.

నేల రాళ్లు అరిగి అద్దంలా జారతాయి, పట్టున్న బూట్లు వేసుకోండి. రేవు అక్కడికి పది నిమిషాల నడకే.