ఆవులు తుపానులోనే పోయాయని రుజువేది?

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి దగ్గర పల్లె. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు వాగు పొంగి నాలుగు పాడి ఆవులు చచ్చిపోయాయి. వాసన వస్తోందని ఊరివాళ్లు తొందరపెడితే పోస్టుమార్టం లేకుండానే పూడ్చేశాం. ఊళ్లో ఇద్దరికి పరిహారం వచ్చింది, నాకు రాలేదు. ఏడాదిన్నరగా నాయకుల చుట్టూ తిరుగుతున్నా. పాత తేదీతో పోస్టుమార్టం రిపోర్టు తెప్పిస్తానని, నాలుగో ఆవును వేరుగా ఉంటున్న తమ్ముడి పేరున రాయిస్తానని ఒకాయన అంటున్నాడు. ఆవుకు 80 వేల చొప్పున కోర్టులో దావా వేయవచ్చా?

జవాబు: పక్కవాళ్లకు డబ్బు వచ్చిందన్న మాట మీద కేసు నిలవదు. మీ ఆవులు ఆ తుపానులోనే చనిపోయాయని అధికారి ఎవరైనా రాసుకున్నారా అన్నదే తేలాలి. విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం పశువు మరణాన్ని ప్రభుత్వం నియమించిన అధికారి ధ్రువీకరించాలి. పూడ్చే ముందు పశువైద్యాధికారికో వీఆర్వోకో ఒక్క ఫోన్ చేసి ఉంటే ఈ టెన్షన్ ఉండేది కాదు. ఏడాదిన్నరలో ఒక్క అర్జీ కూడా ఇచ్చి రశీదు తీసుకున్నట్టు మీరు రాయలేదు. ఇది మీ నిర్లక్ష్యమే.

80 వేలు మరిచిపోండి. ఇది సాయమే కానీ పశువు ధర కాదు. 2022-26 కేంద్ర నిబంధనల్లో ఆవుకో గేదెకో 37,500 రూపాయలు, అదీ కుటుంబానికి మూడింటికే. అంటే మీకు రాగలిగేది 1,12,500. సివిల్ కోర్టులో దావా కూడా కుదరదు. విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని సెక్షన్ 71 ప్రకారం ఇలాంటి విషయాలు హైకోర్టు, సుప్రీంకోర్టు మాత్రమే వింటాయి.

ఆ ‘ఒకాయన’ను ఇంకోసారి గడప తొక్కనివ్వకండి. తమ్ముడిది కాని ఆవును అతని పేరున రాయిస్తే అది తప్పుడు క్లెయిమ్. అదే చట్టం సెక్షన్ 52 కింద రెండేళ్ల దాకా జైలు, జరిమానా. పాత తేదీ రిపోర్టు పెడితే ఫోర్జరీ కేసు అదనం. నిజంగా నష్టపోయిన మీరు ముద్దాయి అవుతారు, తమ్ముణ్నీ లాగుతారు. రావాల్సిన మూడు ఆవుల డబ్బూ పోతుంది.

పోస్టుమార్టం లేకపోయినా వేరే సాక్ష్యం ఉండొచ్చు. అన్నిటికన్నా ముందు పాలకేంద్రం పాస్‌బుక్ వెతకండి. డిసెంబరు మొదటి రోజుల దాకా పోసిన పాలు ఒక్కసారిగా ఆగిపోయినట్టు అందులో ఉంటే, ఆవులు ఉన్నాయని, పాలిచ్చేవేనని, ఎప్పుడు పోయాయన్నదీ ఒకే కాగితం చెబుతుంది. ఆ రోజు ఎవరూ మీ కోసం కల్పించి రాసింది కాదు కనుక దానికి బలమెక్కువ. చెవి ట్యాగులోని 12 అంకెల నంబరు, గాలికుంటు టీకా వేసిన రికార్డు, గుంత తీసిన జేసీబీకి చెల్లించిన రశీదు, ఫోన్‌లో తీసిన ఫోటోలు కూడా కావాలి. ఫోటోలను వాట్సాప్‌లో పంపించి ఒరిజినల్ చెరిపేయకండి, తేదీ వివరాలు పోతాయి.

తర్వాత తహసీల్దారు కార్యాలయానికి, మండల పశుసంవర్ధక శాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి మీ ఊరి నష్టాల జాబితా అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ పేరు అసలు ఎక్కలేదా, ఎక్కాక కొట్టేశారా, లేక డబ్బు పంపితే ఆధార్ లింకు లేనందున ఖాతా నుంచి వెనక్కి వెళ్లిందా? మూడోదైతే కోర్టుతో పనే లేదు, బ్యాంకులో సరిచేయించుకుని మళ్లీ జమ చేయమని అర్జీ ఇవ్వండి. మొదటి రెండైతే కాగితాలన్నీ జతచేసి సోమవారం గ్రీవెన్స్‌లో తిరుపతి కలెక్టరుకు అర్జీ ఇచ్చి, నంబరున్న రశీదు తప్పకుండా తీసుకోండి. స్పందించకపోతే హైకోర్టులో రిట్ వేయండి, అంటే అధికారులు తమ పని చేసేలా ఆదేశించమని అడిగే పిటిషన్. దానికి చట్టంలో గడువు లేదు కానీ, జాప్యం ఎందుకని జడ్జి తప్పక అడుగుతారు. సివిల్ దావాకుండే మూడేళ్లనే మామూలుగా కొలతగా చూస్తారు. ఆ లెక్కన మీ మూడేళ్లలో సగం ఇప్పటికే అయిపోయింది.

లాయరు ఫీజుకు భయపడొద్దు. వరద బాధితులకు న్యాయసేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 కింద ఉచిత న్యాయ సహాయం ఉంది. తిరుపతి కోర్టులో ఉన్న న్యాయ సేవా కమిటీలో పాస్‌బుక్, అర్జీ రశీదు చూపించి అడగండి.