ఎంఆర్‌ఐ నార్మల్ వచ్చినా ఆటిజం ఉండొచ్చా?

రాజాం అక్కా, బాబు ఎంఆర్‌ఐ నార్మల్ వచ్చింది కదా, మరి డాక్టర్ ఆటిజం అంటారేంటి అని అడిగారు. ఆటిజం స్కాన్‌లో కనిపించే మచ్చో గడ్డో కాదక్కా. మెదడులో తేడాలుంటాయి నిజమే, కొందరు పిల్లలకి మొదటి రెండేళ్లలో మెదడు ఎక్కువ స్పీడుగా పెరుగుద్ది, 2017లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చిన స్టడీలో 6-12 నెలల మధ్య మెదడు పైపొర బాగా విస్తరించడం చూశారు, కానీ అవి చాలామంది పిల్లల్ని కలిపి పోలిస్తే తెలిసేవి, ఒక్క బాబు ఫిల్మ్ చూసి చెప్పలేరు. ఫిట్స్ లాంటివుంటే స్కాన్ రాస్తారు, అంతే. మా వాడిదీ క్లీన్‌గానే వచ్చింది, విజయనగరంలో పైడితల్లమ్మ పండక్కి డప్పులు మోగితే రెండు చెవులూ మూసుకుని మంచం కిందకి దూరిపోయేవాడు, పేరు పెట్టి పిలిచినా చూసేవాడు కాదు, డాక్టర్ చూసేది ఇలాంటి ప్రవర్తనే, స్కాన్ కాదు. మళ్లీ స్కాన్‌కని విశాఖ పరిగెత్తకండి, ఆ డబ్బులు స్పీచ్ థెరపీకి ఉంచండి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత సెంటర్ దగ్గర్లో ఎక్కడుందో రేపే కనుక్కోండి అక్కా.